పిండి ఉండకట్టు వేళ



నాకు పదియేండ్ల వయస్సున ఒకనాటి సాయంకాలము మా తల్లిగారు జ్వరపడి మంచము పట్టియుండగా, ఆమెకు రాగిజావ కాచి యిచ్చు భారము నాపై బడినది. మరుగు నీళ్ళును, డబ్బాలో పిండియు, చేతిలో గరిటెయు ఉండగా జావ కాకపోవుట యెట్లు అను ధీమాతో, రెండు పిడికిళ్ళ పిండిని తెచ్చి ఎసటిలో ఒక్కసారిగా కుమ్మరించితిని. క్షణములో అది గోళీలంత, ఉసిరికాయలంత ఉండలై పైకి తేలినది. గరిటెతో తరిమినకొలది ఆ యుండలు గిన్నె యంచు వెంట పరుగెత్తుచు, చిక్కినట్లే చిక్కి జారిపోవుచుండెను. విసిగి ఒకదానిని పళ్ళెములోనికి దీసి చెంచాతో చిదిపి చూచితిని. పైన జిగటగా, మెరయుచు, గోరు మందమున ఒక పొర. దాని లోపల, డబ్బాలోనుండి యప్పుడే తీసినట్లు, పొడిపొడిగా రాగిపిండి. మరుగునీటి నడుమ అంతసేపు మునిగియుండియు ఆ పిండి తడియలేదు. మంచము మీదనుండియే సంగతి గ్రహించిన మా తల్లిగారు, "ముందు చన్నీళ్ళు కాసిని పోసి చిక్కగా కలుపుకోవాలి నాయనా, ఆ తరవాతే ఎసట్లో పొయ్యాలి" అని చెప్పి, ఆ యుండల జావనే త్రాగి బాగున్నదనిరి.

ఆమె చెప్పిన మాటలో రెండు సూక్ష్మములు గలవు. మరుగునీరు తగిలిన వెంటనే ఉండ పైపొరలోని పిండి ఉడికి గంజియై తలుపులు మూసికొనును. లోపలి గాలి వెలికి రాలేదు, గాలి రానిదే నీరు లోనికి పోలేదు. ఇది మొదటిది. చిక్కని ముద్దలో గరిటె త్రిప్పినపుడు చేతి బలము ముద్ద ద్వారా ఉండకు చేరి దానిని చీల్చును. పలుచని నీటిలో ఆ బలము ఉండను చేరక నీటిని మాత్రమే కదల్చును, ఉండ తప్పించుకొని పోవును. ఇది రెండవది. శనగపిండి కలుపునపుడు తొలుత కొలది నీరే పోయుట, మైదాను మొదట ముద్దచేసి పిమ్మట జారుగా చేయుట, ఇవన్నియు ఈ రెండవ సూక్ష్మమును చేతులకు నేర్పిన పద్ధతులే.

మన భాషలో ఉండకట్టుట యనునది ఒకచోట నింద, వేరొకచోట పనితనము. మజ్జిగపులుసులో పిండి ఉండకట్టినదన్నచో వండినవారికి చిన్నతనము. కాని సగ్గుబియ్యము చేయువాడు, మాత్రలు కట్టు వైద్యుడు, ఎరువుల గుళికలు తయారుచేయు కర్మాగారమువారు, ఇనుపరాతి పొడిని ముద్దలు చేయువారు, వీరందరును ఆ యుండకట్టుటకే తపస్సు చేయుచున్నారు. నింద్యమైన ఉండకును, వంద్యమైన గుళికకును నడుమ భేదమెట్టిదో, అసలు తడిసిన పొడి యేల ఒకటిగా గూడునో, ఈ పూట కొంత ముచ్చటింపదలచితిని.

పొడిని అంటించునదేమి? నీరు, అని యెవ్వరైన చెప్పుదురు. బాపట్ల సముద్రతీరమున ఆడుకొను పిల్లవాని నడిగినను అదే చెప్పును. అయితే ఆ పిల్లవాడే మనకు సాక్ష్యము తారుమారు చేయును. ఒడ్డున ఎండిన ఇసుక చేతిలో నిలువదు. అలల క్రింద, నీట పూర్తిగా మునిగిన ఇసుకయు నిలువదు; పిడికిట బట్టి నీటిలోనే విప్పినచో దేని దారిని అది పోవును. అల వచ్చి వెనుకకు మరలినచోట, తడిసియు తేలియున్న ఇసుక మాత్రము గోడలుగా, గోపురములుగా నిలుచును. నీరే అంటించునదైనచో, నీరు సమృద్ధిగా నున్నచోటనే ఇసుక ఊడిపోనేల? కావున అంటించునది నీరు గాదు. నీటికిని గాలికిని నడుమనున్న పొలిమేర. ఆ పొలిమేర తన వైశాల్యమును తగ్గించుకొనుటకు సదా బిగువుగా లాగుచుండును; ఆ బిగువునే తలబిగువు (తలతన్యత) అందురు. రెండు రేణువులు తాకినచోట చేరిన నీటిబొట్టు నడుము సన్నగిల్లిన చిన్న ఉంగరమువలె నిలిచి, అంచున తన తలబిగువుచేతను, లోపలి పీడనము వెలుపలి గాలికంటె తక్కువగుటచేతను, రెండింటిని దగ్గరకు లాగును. గాలి లేనిచోట ఆ యుంగరము లేదు, లాగుటయు లేదు.

ఈ తలబిగువును గణితమున పట్టినవారు ఇంగ్లండులో థామస్ యంగ్, ఫ్రాన్సులో లాప్లాసు. 1805, 1806 సంవత్సరములలో ఒకరి వెంట నొకరు దీనిని నిరూపించిరి. పిమ్మట నూటయిరువది యేండ్లకు, తడినేల గట్టిపడుట యెట్లను ప్రశ్న వ్యవసాయశాస్త్రజ్ఞులను వేధింపగా, 1926లో రొనాల్డ్ ఫిషరు ఆదర్శమైన మట్టిలో, అనగా సమానమైన గుండ్లు పేర్చిన మట్టిలో, ఈ నీటియుంగరముల బలమెంతయో లెక్కగట్టెను. ఫిషరు పేరు వినగానే మనవారికి సంఖ్యాశాస్త్రమే తోచును. వాల్తేరులోని ఆంధ్రవిశ్వవిద్యాలయమున చదివిన మన సి.ఆర్. రావుగారు కేంబ్రిడ్జిలో ఆయన వద్దనే పరిశోధన చేసి డాక్టరేటు పొందిరి. పొలములలోని దిగుబడుల లెక్కలు చూచుచున్న ఆ మహానుభావునకు కాలిక్రింది తడిమట్టి కూడ లెక్కకు దొరకినది.

ఆ లెక్క ప్రకారము, మిల్లీమీటరులో అయిదవవంతు వ్యాసముగల ఇసుకరేణువులు రెండు నున్నని గుండ్లే యైనచో, వాని నడుమ నీటియుంగరము లాగు బలము ఒక్క రేణువు బరువునకు సుమారు 400 రెట్లుండును. నిజమైన ఇసుక గరుకుగానుండుటచే బలము అంతకు తక్కువగా నుండును గాని, ఎంత తగ్గినను బరువును మించియే యుండును. ఇక రేణువు వ్యాసము సగమైనచో, లాగుబలము సగమే తగ్గును. బరువు మాత్రము ఎనిమిదవవంతునకు పడిపోవును. మెత్తని పిండి తడి తగిలినంతనే పట్టుకొనుటకును, గులకరాళ్ళు ఎంత తడిపినను విడివిడిగా దొర్లుటకును కారణమిదియే.

ఎంత నీరు పోసిన ఏమగునో, 1958లో లండనులో న్యూయిట్, కాన్వే జోన్సు అను ఇరువురు, దొర్లెడి పీపాలో ఇసుకను తడిపి చూచి, క్రమముగా వర్ణించిరి. తొలుత నీరు రేణువులు తాకుచోట్ల మాత్రమే ఉంగరములై వ్రేలాడును, మధ్యనంతయు గాలియే. మరికొంత పోసినచో ఆ యుంగరములు ఒకదానితో నొకటి కలిసికొని, గాలి అక్కడక్కడ బుడగలై చిక్కుకొనును. ఇంకను పోసినచో సందులన్నియు నిండి, నీరు గుళిక పైభాగమున మాత్రమే, సందుసందున లోనికి వంగిన చిన్నచిన్న పుటములుగా, గాలి నెదుర్కొని నిలుచును; గుళిక మిక్కిలి గట్టిగా నుండు స్థితి ఈ మూడవదే. ఆపై నాలుగు బొట్లు పడినచో ఆ పుటములు సమసిపోయి, నీరు గుళిక నంతటిని కప్పివేయును. అప్పుడు పొలిమేర రేణువులను వదలి బయటకు పోయినది. లోపలివానిని పట్టువారెవ్వరును లేరు. గుళికలు కరగి బురద యగును. మూడవ స్థితికిని నాలుగవదానికిని నడుమనున్నది వెంట్రుకవాసి. అత్యున్నతమైన బలమునకును సర్వనాశమునకును ఇంత ఇరుగుపొరుగు సంబంధము ప్రకృతిలో మరియెచ్చట నున్నదో నాకు తెలియదు.

అరిసెలు వండు ఇల్లాలికి ఈ స్థితుల పేర్లు తెలియవు గాని, స్థితులు తెలియును. నానిన బియ్యము వడగట్టి దంపి, ఆ తడిపిండిని గాలికి ఆరిపోకుండ గిన్నెలో అదిమి, పైన గుడ్డ కప్పును. పాకములో పోయుటకు ముందు గుప్పెడు తీసి పిడికిట బిగించి వదలును. పిడికిలి ముద్ర నిలిచి, వ్రేలితో మీటినపుడు ముక్కలుగా విరుగవలెను. రాలిపోరాదు, చేతికి అంటరాదు. మాత్రల కర్మాగారములో గొప్ప చదువులు చదివినవారు చేతికి తొడుగు తగిలించుకొని చేయుచుండగా నేను చూచిన పరీక్షయు అక్షరాల ఇదియే.

నీటి పరిమాణముతోనే పని ముగియదు. ఆ నీరు పొడిని చేరు విధము మరియొక కథ. వేసవి చివర తొలకరి మొదటి చినుకులు దుమ్ముబాటపై పడుట మీరు చూచియే యుందురు. పెద్ద చినుకు పడినచోట దుమ్ములో చిన్న గుంట పడి, దాని నడుమ చినుకు దుమ్ము కప్పుకొని గుండ్రని ఉండయై దొర్లును. కొంతసేపటికి ఆ నీరు ఉండలోనికి ఇంకును. చినుకెంతయో ఉండ దానికంటె కొంచెము పెద్ద. అనగా గుళిక పుట్టుకకు చినుకే విత్తనము. చినుకులు పలుచగా, ఒకదానిపై నొకటి పడకుండ, క్రిందనున్న పొడి వేగముగా జరిగిపోవుచుండగా పడినచో, విత్తనములన్నియు ఒకే ప్రమాణమున మొలచును. పొడి నిలకడగా నుండగా నీరు ధారగా ఒకేచోట పడినచో, అది నా రాగిజావ. వంటింటి ఉండకును కర్మాగారపు గుళికకును నడుమ భేదమంతయు ఇంచుమించు ఈ పందెములోనే యున్నది: నీరు వచ్చు వేగమా, పొడి దానిని పంచుకొనిపోవు వేగమా?

ఈ పందెములో ఓడిన వారిలో నేనొకడను. నలుబది యేండ్ల క్రిందట హైదరాబాదు శివారులోని ఒక మాత్రల కర్మాగారమున క్రొత్తగా కుదిరినపుడు, పారాసిటమాలు పొడిని తడిపి గుళికలు చేయు పని నా వంతునకు వచ్చినది. ఆ పొడి ఉన్నదున్నట్లుగా అచ్చులో పోసినచో సరిగా జారదు; ఒక గుంటలో ఎక్కువ, ఒక గుంటలో తక్కువ పడి, మాత్రకు మాత్రకు తూకము మారును; నొక్కినను పై బిళ్ళ టోపీవలె ఊడి వచ్చును. పొడిని తడపకయే అచ్చులో నొక్కి బిళ్ళలు చేయవచ్చునని 1843లో విలియం బ్రాక్డన్ ఇంగ్లండులో పేటెంటు పొందినమాట నిజమే గాని, అన్ని పొడులును అందుకు సమ్మతింపవు. అందుచేత గంజి కలిపి గుళికలు చేసి, ఆరబెట్టి, జల్లించి, పిమ్మట మాత్రలు కొట్టుట పరిపాటి. పెద్ద ఉక్కుగంగాళము, అడుగున తిరుగు వెడల్పాటి రెక్కలు, ప్రక్కన ఉండలను నరుకుటకు వేగముగా తిరుగు చిన్న కత్తి. గంజిని పది నిమిషములపాటు సన్నధారగా పోయవలెనని కాగితముపై వ్రాసియున్నది. భోజనవేళ సమీపించినందున నేను రెండు నిమిషములలో పోయించితిని. మూత తీసి చూడగా బఠాణీలంత, నిమ్మకాయలంత ఉండలు. ఒకదానిని చాకుతో కోసితిని. లోపల తెల్లగా, పొడిపొడిగా, తడి సోకని పారాసిటమాలు. ముప్పది యేండ్ల వెనుకటి పళ్ళెమును, చెంచాను జ్ఞప్తికి తెచ్చుకొని చెమటలు పట్టి నిలువబడితిని.

దానిని సరిదిద్దుటకై యంత్రము నింకను త్రిప్పుమని నేననగా, అక్కడ చాలకాలముగా పనిచేయుచున్న నల్లగొండ ప్రాంతపు కార్మికుడొకడు వలదన్నాడు. నేను వినలేదు. మొదటి అయిదు నిమిషములు ఏ మార్పును లేదు. ఆరవ నిమిషమున అతడు చెవి యొగ్గి, "సార్, మోటరు గొంతు మారింది, ఇగ ఆపుండ్రి" అనెను. నేను గడియారము చూచుకొనుచు మరొక్క నిమిషమన్నాను. ఆ నిమిషములో గంగాళములోని సరుకంతయు రొట్టెపిండివలె ఏకముద్దయై రెక్కలకు చుట్టుకొని, మోటారు మూలిగి ఆగిపోయినది. ఆనాడు నా భోజనము సాయంకాలము నాలుగు గంటలకు.

అయిదు నిమిషములు మౌనముగా నుండి, ఆరవ నిమిషమున అకస్మాత్తుగా ముద్దయగుట యేల? అప్పుడు మేము బొట్టు నీరైనను అదనముగా పోయలేదు గదా! దీనికి సమాధానము తాపీమేస్త్రి నడిగినచో తెలియును. పోసిన కాంక్రీటును తాపీతో పదేపదే తట్టినకొలది పైకి పాలు తేలును. నీరు పెరుగలేదు, లోపలి రేణువులు దగ్గరై సందులు ఇరుకైనవి, ఆ సందులలోని నీరు పైకి వెడలినది. గంగాళములో గుళికలు ఒకదానినొకటి కొట్టుకొనుచు, రెక్కల దెబ్బలు తినుచు, లోలోపల బిగియుచుండును. బయటికి పొడిగానే కానవచ్చును. ఒకనొక క్షణమున లోపలి నీరు గుళిక మేనిపై చెమటవలె పొటమరించును. అప్పటినుండి తాకిన ప్రతి గుళికయు మరియొకదానికి అంటుకొనును. సందులు నిండినకొలది ముద్ద రెక్కలను గట్టిగా అడ్డగించును గనుక, మోటారు ఎక్కువ కరెంటు తాగును. అమ్మీటరు ముల్లు ఎక్కును. నీరు మరీ ఎక్కువై బురదగా మారినచో ఆ ముల్లే మరల దిగిపోవును. ఆ ముల్లును చూచి యంత్రము నాపు పద్ధతులును గలవు. మా నల్లగొండ కార్మికుడు అమ్మీటరు నెన్నడును చూడలేదు; గొంతు విన్నాడు.

ఇదే సూత్రము ఇనుమున ఎట్లు పనిచేయునో విశాఖపట్టణమున చూడవచ్చును. బైలాడిలా కొండలలోని ఇనుపరాతిని పొడిచేసి, నీటితో కలిపి, 260 కిలోమీటర్లకు పైబడిన గొట్టముద్వారా సముద్రతీరమునకు పారించి, నీరు వడగట్టి, ఆ తడిపొడికి చిటికెడు బెంటొనైటు మట్టి చేర్చి, గోళీలంత గుండ్లు చేసి కొలిమిలో కాల్చుదురు. గుండ్లు చేయు విధములలో ఒకటి, ఏటవాలుగా నిలిపి త్రిప్పెడి పెద్ద పళ్ళెము. అందులో చిన్నవి అడుగునకు జారును, పెద్దవి పైకి తేలి అంచు దాటి పడును. చేట చెరుగు మన అత్తగారికి ఆ పళ్ళెమును అప్పగించినచో ఒక్క పూటలో పని పట్టుకొనునని నా నమ్మకము.

నాకు మాత్రము అన్నిటికంటె ప్రీతి సగ్గుబియ్యము మీద. అసలైన సగ్గుబియ్యము ఒకజాతి తాటిచెట్టు దవ్వనుండి వచ్చునది; మలయా ద్వీపములనుండి ఓడలలో దిగెడిది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ దిగుమతి ఆగిపోగా, కర్రపెండలపు పిండితో దానిని చేయుట సేలము ప్రాంతమున ఆరంభమైనది. ఒకప్పటి మన తూర్పుగోదావరి జిల్లాలోని పెద్దాపురము, సామర్లకోటల ప్రక్కన ఆ మిల్లులు నేటికిని ఉన్నవి. నేను చూడబోయిన మిల్లులో స్త్రీలు వరుసగా కూర్చుండి దుంపల తోలు తీయుచుండిరి. దుంపను నీటితో కోరి, పిప్పిని జల్లెడపట్టి, పాలవంటి నీటిని తొట్లలో నిలువబెట్టగా, కొన్ని గంటలకు పిండి అడుగున సున్నపు చెక్కవలె పేరుకొనును. పై నీరు వదలి, ఆ చెక్కను పెల్లలుగా తీసి, కొంత ఆరనిచ్చి, చిదిపి జల్లించి, ఊయెలవలె వ్రేలాడదీసిన గుడ్డలో పోసి, ముందుకు వెనుకకు ఊపుదురు.

అక్కడ నేను అరగంటసేపు నిలువబడితిని. ఒక్క బొట్టు నీరును పైనుండి చల్లలేదు. తడి అంతయు పిండిలోనిదే. మొదట పిండి ఒక ప్రక్కనుండి ఇంకొక ప్రక్కకు అలవలె ఒరుగుచుండెను, అంతే. పిమ్మట గరుకుగా రవ్వ కనబడెను. ఆ రవ్వ దొర్లుచు, దొర్లుచు, తన మేనిపై తేమకు సన్నపిండిని అద్దుకొనుచు, మూలలు అరగి గుండ్రనగుచుండెను. గుడ్డ ఊగు శబ్దము మెల్లగా మారి, పిండి జారు మెత్తని సవ్వడి పోయి, ఆవాలు దొర్లినట్టి సవ్వడి వచ్చినది. నేను ఊపుచున్నవానిని తడి యెంతయుండవలెనని యడిగితిని. "ఎక్కువైతే ముద్దండి, తక్కువైతే పిండేనండి" అన్నాడు. సరిపడా యెంతయని మరల అడిగితిని. అతడు గుప్పెడు పిండి తీసి బిగించి, నా చేతిలో బెట్టి, "సేతికి తెలిసిపోద్దండి" అన్నాడు. నాకు తెలియలేదు. అతనికి తెలిసినది.

అయితే ఈ పూసలు నీటియుంగరములతోనే కూడియున్నవి గదా! ఎండలో ఆరి నీరు పోయిన పిమ్మట వానిని పట్టునదేమి? బాపట్ల ఒడ్డున పిల్లవాడు కట్టిన గోపురము మధ్యాహ్నపుటెండకు రాలిపోవుట ఎల్లరు నెరుగుదురు. నీటిలో కరగియున్న వస్తువో, మరియొకటియో ఉంగరము స్థానమున గట్టిపడి మిగిలిననే గుళిక నిలుచును. మాత్రలలో గంజి ఆ పని చేయును. ఎరువుల గుళికలలో ఉప్పుల వంటి పదార్థములు ఆరుచు స్ఫటికములై చేయును. ఇనుపగుండ్లలో కొలిమి చేయును. సగ్గుబియ్యమున అందుకు మరియొక ఉపాయము గలదు. ఊయెలనుండి దింపిన పూసలను, నూనె చేయి తడిమిన వేడి ఇనుప పెనములపై పోసి, చెక్క పారతో త్రిప్పుచు వేపుదురు. పూసలోని తడికిని పెనపు వేడికిని పైపిండి ఉడికి గంజియై, పూసకు పలుచని గాజు తొడుగువలె గట్టిపడును. లోపలిది తెల్లగానే మిగులును.

రాగిజావలో నా కొంప ముంచిన ఆ ఉడికిన పొరయే ఇచ్చట సరుకు. పెనముదగ్గర ముసలామె యొకతె వేగిన పూసను, వేగని పూసను నా అరచేతిలో ప్రక్కప్రక్కన బెట్టి, రెండింటిని బొటనవ్రేలితో నలుపుమన్నది. వేగనిది పిండియై చేతిగీతలలో ఇంకినది. వేగినది గోటిక్రింద జారి, అరచేతినుండి ఎగిరి, సిమెంటు నేలపై ఆరబోసిన లక్షల పూసలలో కలిసిపోయినది.